మంచుకు తేలిన సున్నం

మొన్న మనుమడు పిలిపించిన మేస్త్రీ మా రావల్కోల్ ఇంటి పాత రాతిగోడకు సిమెంటు పూసి వెళ్లినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. నల్లరాళ్ల మధ్య ఆ బూడిదరంగు అతుకు బజారు మొదటి నుంచే కనిపిస్తోంది. గట్టిగా ఉంటే చాలదా అవ్వా అంటాడు వాడు. గోడ అతుకు కంటపడితే ఇంటిల్లిపాదీ పస్తుండాల్సిన కాలంలో పెరిగినదాన్ని, నాకెలా చాలుతుంది?

నన్ను బడి మాన్పించిన ఏడు అది. పంట ఇంటికి చేరగానే సర్కారు వాళ్లు లెవీ అని వచ్చి జొన్నలు కొలుచుకుపోయేవారు. పెద్ద భూములున్నవాళ్ల గాదెల జోలికి పోయేవారు కాదు గానీ, మా వంటి ఇళ్లలో గింజ కనిపిస్తే ఊడ్చుకుపోయేవారు. అంతకు ముందు ఎండాకాలం చింతగింజలు ఉడకేసుకుని తిన్నాం. అందుకని ఈసారి బాపు మందపాటి వాకిటి గోడలో రాళ్లు ఊడదీసి, లోపల జొన్నల కుండలు దాచి, మళ్లీ రాళ్లు పేర్చి, సందులు పూయడానికి పక్కింటి సాయబు చాచాను పిలిచాడు. సున్నం పనిలో ఆయనది తిరిగిన చెయ్యి.

చాచా దొడ్లో కూలిన గోడ నుంచి పాత గచ్చు గీకి, దంచి, జల్లించి, కొత్త సున్నంలో కలిపి, కాస్త మొరం, కాస్త పొయ్యి బూడిద చేర్చి, చిన్న ముద్దలు ఎండబెట్టి రంగు చూసుకున్నాకే పూశాడు. తడి ఆరకముందే గోనెపట్టతో అద్ది నునుపు పోగొట్టాడు, బజారు దుమ్ము చల్లాడు. ఆరినాక మధ్యాహ్నపు ఎండలో చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో తెలియలేదు. అయినా నా చూపు ఆ గోడను విడిచేది కాదు. బిందెతో పోతూ ఆగేదాన్ని, వస్తూ ఆగేదాన్ని. “గోడ దిక్కు సూడకే, నీ సూపే మనల్ని పట్టిస్తది” అని బాపు కసిరితే, చూడకుండా ఉండే ఆరాటంలో ముద్ద దిగేది కాదు.

లెవీకి వచ్చే గిర్దావరు ఒకనాడు తెల్లవారుతూనే వచ్చాడు. మేము చేసిన పొరపాటు అప్పుడు బయటపడింది. రంగు సరిచూసుకున్నదంతా ఎండపూటే. మంచుకు కొత్త సున్నం నీరు తాగి, రాళ్ల మధ్య తడిగుడ్డ పేలికల్లాగా నల్లగా తేలింది. గిర్దావరు ఇంకా ఇంట్లో గాదె తడుముతున్నాడు.

అమ్మ కొట్టంలోకి పోయి పేడతట్ట తెచ్చి, సరిగ్గా అక్కడే పిడకలు చరచడం మొదలుపెట్టింది. అంతవరకూ ఆ గోడకు బాపు ఎన్నడూ పేడ తగలనివ్వలేదు.

బయటికొచ్చిన గిర్దావరు ముక్కు మూసుకున్నాడు. “ఇంటి ముంగట్నే ఏంది గీ పని?”

“జర అటు జరుగుండ్రి దొరా, అంగి మీద శిల్లుతది” అంది అమ్మ చెయ్యి ఆపకుండా.

ఆయన జరిగాడు, జరిగినవాడు అటే వెళ్లిపోయాడు. అంతవరకూ తన వాకిట్లోంచి చూస్తున్న చాచా వచ్చి లబలబలాడాడు. “అయ్యో భాబీ, నా పనంత పేడల గలిపినవ్ గదా!”

“నీ పని సూసుకుంట గూసుంటే జొన్నగటుక ఎవలు వోస్తరన్నా? నువ్వు గూడ వచ్చి తాగుదువు, పో” అంది అమ్మ.

ఆ ఎండాకాలం మా పొయ్యి ఆరలేదు. ఇప్పుడు తలచుకుంటే నాకు ఆశ్చర్యమనిపించేది మరొకటి. పట్టపగలు చాచా గచ్చు దంచిన చప్పుడు వాడంతా విన్నది. ఎందుకని ఎవరూ అడగలేదు, గిర్దావరుకు ఎవరూ చెప్పలేదు. మా గోడ లోపల ఏముందో ఊరికంతా తెలిసిన రోజులవి. ఈ చుట్టూరా ప్లాట్లు పడ్డాక, గోడ అవతల కాపురముంటున్నది ఎవరో నాకు తెలియదు.