చెయ్యెత్తిన మా అన్న

వంటింట్లో ప్రెస్ తలుపు తీస్తే చాలు, ఈ పరాయి దేశంలో అలమరని ప్రెస్ అంటారు, మా ఇంట్లోనూ ఆ మాటే స్థిరపడిపోయింది, మనవరాలి ఆటసంచిలోంచి తడిగడ్డి, బురద బూట్లు, వాటన్నిటినీ మించి నీలగిరి తైలం వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకి నాకు ఏసోబు మోకాళ్ళు గుర్తొస్తాయి. వెంటనే తలుపు మూసేస్తాను.

ఏసోబు ఒంగోలు దగ్గర మా పేటలో చెడుగుడు ఆటగాడు. కోత పండుగ వచ్చిందంటే చర్చి ముందు కొత్త వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వాటికి వేలంపాట. ఇళ్ళల్లో అరిసెల పాకం పొంగే కమ్మదనం. పాస్టరుగారి దీవెన అయ్యీ అవకముందే వెనక చవిటి నేలలో ముగ్గుపిండి గీతలు. తైలం నిగనిగలాడే మోకాళ్ళతో ఏసోబు కూతకి వెళ్తే ఆడవాళ్ళు పళ్ళేలు కింద పెట్టి లేచి నిలబడేవారు. అయితే జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నది కూత చూసి కాదు. మాలో ఒక కట్టుబాటు ఉండేది. వేలి కొస తగిలినా సరే, తగిలించుకున్నవాడే చెయ్యెత్తి బయటికి నడవాలి. రిఫరీ అంటే గొడుగు కింద సోడా తాగే పెద్దమనిషి, అంతే. ఎదుటి జట్టువాళ్ళే "తగల్లేదులే అన్నా, ఆడు" అన్నా వినకుండా ఏసోబు నవ్వుకుంటూ వెళ్ళి గీత అవతల కూర్చునేవాడు.

మోకాళ్ళు పాడయ్యాక అతన్ని కోచ్‌ని చేశారు. మెడలో విజిల్, కాళ్ళకి తెల్లబూట్లు వచ్చాయి. మా అన్న దానియేలు అతని జట్టులో ఆడేవాడు. జిల్లా జట్టుకి ఎంపికైతే పోలీసు ఉద్యోగం వస్తుందని మా ఇంటిల్లిపాదీ ఆ ఆశ మీదే బతుకుతున్నాం. అమ్మ గుడ్డు తను తినకుండా అన్న కంచంలో వేసేది.

ఆ ఏడు పండుగ ఆటకి జిల్లా నుంచి పెద్దలొచ్చారు. ఆఖరి కూతలో ఎదుటివాడి కాలివేలు మా అన్న మోచేతికి రాసుకుంది. గొడుగు కింద మనిషి చూడలేదు, కూతకి వచ్చినవాడికే తెలియలేదు. అన్న చెయ్యెత్తి బయటికి నడిచాడు. జట్టు ఓడింది.

"ఎవుడ్రా నిన్ను చెయ్యెత్తమంది?" అన్నాడు ఏసోబు, అందరి ముందూ కాలర్ పట్టుకుని.

"నువ్వే కదన్నా. చిన్నప్పటి సంది నిన్నే చూస్తన్నాగా."

"ఆడేటప్పటి సంగతి అది. ఇప్పుడు ఆడిస్తన్నా. చూసినోడు చెప్పేదాకా నీకు తగల్లేదు. తలకెక్కిందా?"

ఎక్కలేదు. ఏసోబు జిల్లాకి ఇంకెవణ్ణో పంపాడు. అన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో మంట వేస్తూనే ముసలివాడైపోయాడు, మళ్ళీ ఆ గీతల వైపు వెళ్ళలేదు. అదే ఏసోబుకి తర్వాత పూలదండలు, సన్మానాలు! తలచుకుంటే ఇప్పటికీ ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

మా అమ్మాయి కిల్కెన్నీ ఆసుపత్రిలో నర్సు, కాపురం డబ్లిన్‌కి రైలు దూరంలో ఉన్న ఈ కార్లో ఊళ్ళో. నేనూ వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. మనవరాలు మెర్సీ ఇక్కడి పిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతుంది, ఇక్కడి ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తోనూ పట్టొచ్చు. వాళ్ళ కోచ్ డెక్లన్ కుర్రతనంలో ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడి కోడిగుడ్డు ఆకారపు బంతి ఆటలో పేరు సంపాదించి, భుజం విరిగాక అక్కడే కోచ్‌గా కుదురుకుని, ఇప్పుడు సొంతూరు చేరాడు. క్లబ్బు గోడ నిండా చేతుల్లేని బనీనుతో గాలిలోకి ఎగురుతున్న అతని బొమ్మలే. "లెజెండ్ అంకుల్! మన పిల్లలకి దొరుకుడే అదృష్టం" అంటాడు పక్కింటి కిరణ్, రోజూ డబ్లిన్ రైలెక్కే కంప్యూటర్ ఇంజనీరు. ఆటలో ఎంత గొప్పో నాకు తెలియదు. పిల్లలకి నేర్పుతున్నది మాత్రం నా చెవులతో విన్నాను.

పోయిన శనివారం సన్నజల్లులో బంతి మెర్సీ వేళ్ళకి తగిలే గీత దాటింది, సరిగ్గా నా ముందే. అలా దాటితే బంతి అవతలి జట్టుది. రిఫరీ ఎక్కడో దూరంగా ఉన్నాడు. మా అన్న కథ దానికి తెలుసు, నేనే చెప్పాను. దాని చెయ్యి లేచింది.

"ప్లే టు ద విజిల్, మెర్సీ!" అని అరిచాడు డెక్లన్.

విజిల్ వినబడేదాకా ఆడుతూనే ఉండాలట. భుజం దాకా వచ్చిన చెయ్యి అక్కడే ఆగి, మెల్లగా పక్కకి తిరిగి, చెవి వెనక్కి జుట్టు సర్దుకుంది. బంతి మావాళ్ళకే ఇచ్చారు. దాంతోనే గోలు కొట్టారు. తల్లిదండ్రులందరూ ఎగిరెగిరి చప్పట్లు కొట్టారు, మా అమ్మాయితో సహా.

ఇంటికొచ్చాక మెర్సీ సంచిలోంచి తైలం తీసి నా కుర్చీ దగ్గర కూర్చుంది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ నోటికి రాదు. "యువర్ నీస్ ఆర్ సోర్, తాతా. విల్ ఐ రబ్ దెమ్ ఫర్ యూ?" అంది, నా మొహంలోకి చూడకుండా.

కోత పండుగ లేదు, ముగ్గుపిండి గీతలు లేవు, చెయ్యెత్తి నవ్వుతూ నడిచి వెళ్ళే మనిషి ఏ దేశంలోనూ నాకు కనబడడం లేదు. మిగిలింది ఈ తైలం కంపు ఒక్కటే. మోకాళ్ళు సలుపుతూనే ఉన్నాయి. అయినా వద్దన్నాను.