పుల్లమ్మ ఆదివారం

నల్లపాడు అవతల మిరపకోతలు మొదలయ్యాయంటే పుల్లమ్మ ఫోను మోగుతూనే ఉంటుంది. ఇరవైమంది ఆడకూలీల ముఠాకి ఆమె మేస్త్రి. ఏ రైతు చేలోకి వెళ్ళాలో, ఎవరు ఏ సాలు పట్టాలో ఆమె చెప్పినట్టే జరుగుతుంది. ముఠాకి ఒకటే కట్టుబాటు. ఆదివారం కోతకి వెళ్ళరు. పుల్లమ్మ బాప్తిస్మం తీసుకున్న ఏడు మొదలైన కట్టుబాటు అది.

అంతకుముందు ఆమె వేరే మనిషి. వాకిట్లో రైతు గొంతు వినబడితే ముందున్న అన్నం వదిలేసి లేచేది. ఒళ్ళు కాలిపోతున్నా చేలోకి నడిచేది. రానంటే రేపటినుంచి పిలవరేమోనన్న భయం. కొరడా పట్టుకున్నవాడెవడూ లేడు గానీ, బతుకంతా వెనక ఎవరో తరుముతున్నట్టే ఉండేది. అప్పట్లో ఐగుప్తు రాజు కింద వెట్టిచాకిరీ చేసినవాళ్ళకి విడుదల ఇచ్చాక, వారానికొక రోజు పని మానమని దేవుడు ఎందుకు ఆజ్ఞ ఇచ్చాడో పాస్టరుగారు ఒకసారి వివరించారు. బానిసకి తనదంటూ ఒక రోజు ఉండదని, ఉందంటే వాడిక బానిస కాదని ఆయన చెబుతుంటే పుల్లమ్మ తలెత్తి చూసింది. మొదటిసారి ఒక రైతుకి ఆదివారం రానని చెప్పేటప్పుడు ఆ పాత భయమే వెంటాడింది. ఏడాది తిరిగేసరికి భయం పోయింది. చిత్రమేమంటే మిగతా ఆరు రోజుల్లో కూడా ఆ భయం పోయింది.

ఈ ఏడు చిక్కొచ్చి పడింది. ఆ చుట్టుపక్కల పెద్ద చేను యలమందయ్యది. ఈస్టరు దాకా ముఠాకి పని అక్కడే. శనివారం పొద్దుగూకేవేళ ఆయన గట్టుమీద నిలబడి, వాన వచ్చేట్టుంది, రేపూ రండి, కూలి రెట్టింపు ఇస్తానన్నాడు. రాలేమండి అంది పుల్లమ్మ. కనిగిరి నుంచి వచ్చిన ముఠా ఖాళీగా ఉందట, వాళ్ళని దింపుతాను, తర్వాత మీతో పని ఉంటుందో ఉండదో నేను చెప్పలేనన్నాడాయన.

ముఠాలోనే పనిచేసే కోడలు ఫెబా ఇంటి గడప దాటగానే అత్తని నిలదీసింది.

"దేవుడు విడిపించాడంటావు అత్తా. ఆయన విప్పిన కట్లు నువ్వు తెచ్చి మా కాళ్ళకి కట్టావు. ఇప్పుడు ఇంతమందీ ఏ చేలో పడాలి?"

కోడలి మాటలో న్యాయం లేకపోలేదు. మనుషుల్ని నమ్మించి రోడ్డున పడేశానా అన్న దిగులుతోనే పుల్లమ్మ ప్రార్థన చేసుకుని పడుకుంది.

మర్నాడు ఆరాధన ముగిసి ముఠావాళ్ళతో కలిసి బయటికొచ్చేసరికి పడమట నల్లగా కమ్మేసింది. యలమందయ్య కల్లం చర్చికి దగ్గరే. వారం రోజుల కాయ అక్కడ ఎర్రగా ఆరబోసి ఉంది. తడిస్తే తెల్లబడి, ధర పలకని తాలుకాయ అవుతుంది. కొత్త ముఠా ఎక్కడో దూరపు పొలం చెక్కలో ఉంది. పుల్లమ్మ కొంగు నడుముకి దోపుకుని అటు నడిచింది.

ఫెబా వెనకనుంచి కేకేసింది. "ఏందత్తా, మబ్బు పడితే ఆదివారం కాకుండా పోద్దా?"

పుల్లమ్మ నవ్వింది. గోతిలో పడ్డ గొర్రెని విశ్రాంతిదినాన పైకి లాగరా అని యేసయ్య అడిగిన సంగతి అప్పుడే ఆమె మనసులో మెదిలింది.

"ఆదివారమేనే. నిన్న ఆయన ఈ రోజుని కొంటానన్నాడు, అమ్మనన్నా. నా రోజు నా దగ్గరే ఉంది కాబట్టి ఇవాళ ఊరికే ఇస్తున్నా. మిమ్మల్నెవర్నీ రమ్మనను, మీ ఇష్టం."

కొందరు ఇంటిదారి పట్టారు. కొందరు వెంట వచ్చారు. ఇస్త్రీ చీర నాశనమైపోతుందని సణుక్కుంటూ ఫెబా కూడా వచ్చింది.

కల్లంలో యలమందయ్య, ఆయన భార్య వెంకటేశ్వరమ్మ ఒక టార్పాలిన్ పట్టాకి చెరో కొస పట్టుకుని గాలితో పెనుగులాడుతున్నారు. ఆడవాళ్ళు కాయ పోగుచేసి, పట్టాలు లాగి, అంచుల మీద రాళ్ళు పెట్టారు. ఆఖరి పట్టా కప్పుతుండగా వాన దిగింది. ఒక మూల కాస్త కాయ తడిసింది, అంతే.

రేకుల కింద నిలబడి యలమందయ్య జేబులో చెయ్యి పెట్టాడు. పుల్లమ్మ వద్దంది.

"రెట్టింపు ఇస్తానంటే రానంటివి. ఊరికే వచ్చి ఇంత చాకిరీ చేస్తివి. నువ్వు నాకు అంతుబట్టవమ్మా" అన్నాడాయన.

"కూలికైతే రేపు పిలవండి, వస్తాం."

ఆయన ఇబ్బందిగా భార్య వైపు చూశాడు. ఆ ముఠాకి ఇంకో రెండు రోజులని మాటిచ్చాను, ఇప్పుడు వద్దంటే బాగుండదు, బుధవారం నుంచి మీరు రండి అన్నాడు. ఇచ్చిన మాట తప్పొద్దండి, బుధవారమే వస్తామని చెప్పి పుల్లమ్మ చినుకుల్లోకి దిగింది.

ఫెబా పక్కన చేరి అత్త ముఖంలోకి చూసింది. అక్కడ దిగులు కనబడలేదు.

"రెండు రోజులు పని లేదుగా. ఏం చేద్దాం మరి?"

"ఏముంది, కుంకుడుకాయలు కొట్టు. తలంటుకుందాం."

ఫెబా ఫక్కున నవ్వింది. ఇద్దరూ తడుస్తూనే, తొందరేమీ లేనట్టు ఇంటివైపు నడిచారు.