కుంకుమ బొట్టు పెట్టిన కెమెరా

మా ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా కుంకుమ బొట్టు పెట్టందే వాడనివ్వను. మిక్సీకి పెట్టాను, కుట్టుమిషనుకు పెట్టాను, గ్యాసుబండకీ పెట్టాను. మనవరాలు ఎవరో వాడిన కెమెరా కొనుక్కుని తెచ్చినప్పుడు దానికీ పెట్టాను. పాతదైనా మాకు కొత్తదే కదా. అప్పటికి పిల్ల ముందుండే లెన్సు ఊడదీసి తుడుచుకుంటోంది. కెమెరా నోరు తెరుచుకుని మంచం మీద ఉంది. దాని నెత్తిన వేలు ఆనించాను.

"మామ్మా, ఏటి సేసినావు? కుంకం లోపలికి పడిపోనాదేమో," అంది.

గబగబా లెన్సు బిగించి, వంటింట్లో నన్నే ఒక ఫొటో తీసింది. బయట వాన, గదంతా మసక. పగలు లైటు వెయ్యడం మా ఇంట్లో లేదు. ఫొటోను పెద్దది చేసి చూస్తే నా చీర నీడల్లో అన్నీ చుక్కలే. నీలం, ఆకుపచ్చ కూడా ఉన్నాయట. నా కంటికి ఎరుపే ఆనింది. నా కుంకుమే లోపల పడిందనుకున్నాను. మర్నాడు నరసన్నపేటలో ఒక నిశ్చితార్థానికి ఫొటోలు తీస్తానని పిల్ల మాటిచ్చింది. అదే దాని మొదటి పని.

"ఇలా తే, కొంగుతో తుడిసేస్తాను."

"కొంగు తగిలితే గీతలడిపోతాయి. ఊదకు, ముట్టకు. అక్కడ కూకో."

నన్ను అలా కూర్చోబెట్టగలవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. అయినా కూర్చున్నాను.

అది లెన్సుకు మూత పెట్టి, పైన తువ్వాలు కప్పి మీట నొక్కింది.

"మూతేసి ఏటి తీస్తావే, సీకటినా?"

"సీకటినే. సూడు."

నల్లటి తెర మీద మళ్లీ అవే చుక్కలు.

"మూతేస్తే ఎలుగు లోపలికి పోదు. ఎలుగు లేకపోతే నీ కుంకం ఎలా కనిపిస్తాది? మసకలో తియ్యాలని ఎలుగు సెట్టింగు బాగా పెంచినాను. అలా పెంచితే కెమెరాయే ఈ సుక్కలు పుట్టిస్తాది."

"మరి కుంకం లోపల లేదని ఎలా తెలుస్తాది?" అన్నాను. ఊరికే ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

"పొడి ఉంటే తెల్లగోడ మీద నల్లమచ్చ పడతాది. రా."

వాన తెరిపిచ్చింది. అరుగు మీదకు వెళ్లి, వెల్లవేసిన గోడను తీసింది. నేను తెరను మూలమూలా వెతికాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతికాను. మచ్చ లేదు. కుంకుమంతా పైనే నిలిచింది. అప్పుడు గాని నాకు ఊపిరి ఆడలేదు.

"లైటేసుంటే ఆ సుక్కలూ వచ్చేవి కావు," అంది.

"కరెంటు బిల్లు నువ్వు కడతావేటి?" అన్నాను గానీ, గొంతులో కోపం పలకలేదు.

ఆ సెట్టింగు తగ్గించి, నన్ను గుమ్మం ముందు వెలుతురులో నిలబెట్టి ఇంకొకటి తీసింది. చుక్కలు లేవు. నా ముఖం మాత్రం ఉన్నదున్నట్టు పడింది.

"ఈ ముడతలు కూడా తగ్గవేటే?"

"అవి నీవే మామ్మా. కెమెరాకి సమ్మందం లేదు."

నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

"సాల్లే. బ్యాటరీ సార్జింగు ఎట్టుకో. పొద్దున్నే బస్సు," అన్నాను.