ఎద్దు కొమ్ము బుడిపె

నోటికి పాట ఇచ్చినవాడు, పాట ఆగిపోయిన ఇంట్లోనూ కాపురముండేవాడు అయిన దేవునికి స్తోత్రం. ఆయన ఇచ్చినప్పుడు స్తుతించడం మాకు చిన్ననాడే నేర్పారు. తీసుకున్నప్పుడు స్తుతించడం నేనింకా నేర్చుకుంటూనే ఉన్నాను. అయినా ముందు ఆయనకే మహిమ. ఆ తర్వాతే ఈ మాటలు.

మాది బోధన్ దగ్గర చెరకు పండే ఊరు. బాపు ఎడ్లబండి మీద ఫ్యాక్టరీకి చెరకు తోలేవాడు. అన్న మా క్రైస్తవ సంఘంలో పాటలు పాడేవాడు. దవాఖానలో పనిచేసి తన దేశానికి తిరిగిపోతున్న ఒక దొరసాని, అన్న గొంతు మీది ఇష్టంతో తన గిటార్ అతనికి ఇచ్చి వెళ్లింది. అప్పటికే అది పాతది. వేళ్లు తగిలేచోట పొట్ట మీది రంగు అరిగి లోపలి కట్టె తేలింది. లేఖనాల్లో చెప్పిన సితారా ఇదే కాబోలని మా పెద్దలు దాన్ని అలాగే పిలిచేవారు.

తీగలు బిగించే ఆరు బుడిపెల్లో ఒకటి ఒకనాడు విరిగింది. అలాంటిది మా దగ్గర ఎక్కడ దొరుకుతుంది? ఆ ఏడు మా బండి ఎద్దు చచ్చిపోయింది. దాని కొమ్ము ముక్కను ఆకురాయితో అరగదీసి అన్న కొత్త బుడిపె చేశాడు. ఐదు తెల్లవి, ఒకటి నల్లది.

"చూసినవా అవ్వా, మన ఎద్దు బండి ఇడిసిపెట్టి పాట గుంజుతున్నది" అని అమ్మతో అనేవాడు.

"నీకన్న అదే నయ్యం రా, చచ్చినంక గూడ పని చేస్తున్నది" అనేది అవ్వ. అని, అతను వాయిస్తుంటే వంట వదిలేసి కూర్చుని పాడేది. ఆమె గొంతు పొలందాకా వినబడేదని బాపు చెప్పేవాడు.

ఒక వానాకాలం చివర అన్నకు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. బాపు మంచం పక్కన మోకరించి, "ప్రభువా, ఈ ఇంట్ల మాకు ప్రియమైంది నీ బల్ల మీద పెడుత" అని మొక్కుకున్నాడు. 'బతికిస్తే' అన్న మాట ఆ మొక్కులో లేదు. పక్కనే ఉండి నేను విన్నాను.

అన్న బతకలేదు.

ఆ తర్వాత వచ్చింది పంటల పండుగ. ఆనాడు మా సంఘంలో ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. చెరకు గడలు, వడ్లు, పసుపు, కోళ్లు. ఆరాధన అయ్యాక అన్నిటినీ గుడి వాకిట్లో హర్రాజు, అంటే వేలం, వేస్తారు. ఇచ్చినవాళ్లు మాత్రం తమ వస్తువును పాడుకోకూడదు, మరొకరిచేత పాడించుకోకూడదు. దేవునికిచ్చింది తిరిగి గడప తొక్కకూడదని మా కట్టుబాటు.

పొద్దున్నే బాపు గిటార్ భుజానికెత్తుకున్నాడు. అవ్వ వాకిలికి అడ్డం నిలబడింది.

"గది నా కొడుకయ్యా. ఇంకోటి పెట్టు. నా కమ్మలు పెట్టు."

"కమ్మలు మనకు ప్రియమా? నువ్వే చెప్పు."

అవ్వ పక్కకు జరిగింది. హర్రాజులో గిటార్‌ను రైల్వేలో పనిచేసే ఒకాయన పాడుకున్నాడు. కొన్నాళ్లకు బదిలీ మీద వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి అవ్వ గుడికి వచ్చేది, మోకరించేది, వాక్యం వినేది. పాట ఎత్తుకోగానే మాత్రం పెదవులు బిగించేది. బాపు ప్రభువు దగ్గరికి వెళ్లిననాడూ ఆమె పాడలేదు.

ఏళ్లు గడిచాక నిజామాబాద్‌లో ఒక బడి మైదానంలో సంగీత కూటం పెట్టారు. మద్రాసు నుంచి పాటగాడు వస్తున్నాడన్నారు. అప్పటికి అవ్వ కళ్లకు పొరలు కమ్మాయి. ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఆడవాళ్ల వైపు జంఖానా మీద ముందు వరసలో కూర్చోబెట్టాను. ఇంకా ఎండ ఉంది.

పాటగాడు రెండు గిటార్లతో వేదిక ఎక్కాడు. "ఈ రెండూ వయసులో నాకంటే పెద్దవి" అన్నాడు.

నా పక్కనున్న ఆమె మూతి తిప్పింది. "మద్రాసుల కొత్తయి దొరకవా ఏంది? గీ పాత డబ్బలు మోసుకొచ్చిండు."

అతను రెండోది చేతిలోకి తీసుకున్నాడు. ఎండ దాని మెడ మీద పడింది. ఐదు తెల్ల బుడిపెలు. ఒకటి నల్లది.

ఆ తర్వాత ఏ పాటలు పాడాడో నాకు తెలియదు. అడిగితే ఇస్తాడేమో. అది ఒడిలోకి వస్తే అవ్వ మళ్లీ పాడుతుందేమో. నాకు ఈ లోకంలో అంతకన్నా కావలసింది లేదు. అవ్వ చెవిలో చెప్పాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, కూటం ముగిసేదాకా వదలలేదు.

అంతా లేచాక వేదిక దగ్గరికి వెళ్లి, నల్ల బుడిపె సంగతి అడిగాను.

"సికింద్రాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో దొరికిందమ్మా ఈ గిటార్. ఆ నల్లది మార్చేయమని అందరూ అంటారు. ఎవరో ఇష్టంగా చేసుకున్నది, నాకు చేతులు రాలేదు" అన్నాడు.

అవ్వ చెయ్యి చాచింది. అతను గిటార్ దగ్గరగా పట్టుకున్నాడు. ఆమె వేళ్లు బుడిపెను తడిమాయి, పొట్ట మీద అరిగినచోటికి వచ్చి ఆగాయి. అతను మెల్లగా ఒక తీగ మీటాడు. ఆ మోత పూర్తిగా పోయేదాకా అవ్వ అరచెయ్యి తియ్యలేదు.

"మీ ఇంటిదా అమ్మా? మీదైతే నా దగ్గర ఉండకూడదు, తీసుకెళ్లండి."

"కాదు కొడుకా" అంది అవ్వ. "మా పోరనిది గింత మంచిగ మోగకపోతుండె."

అవ్వ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

బోధన్ బస్సు ఎక్కాం. నిజామాబాద్ దాటాక అవ్వ తనే అంది.

"గదే బిడ్డా. ఆకురాయి గీతలు గట్లనే ఉన్నయి."

"మరి కాదన్నవేంది అవ్వా? ఇస్తనన్నడు గద!"

"ఇస్తుండె. గందుకే కాదన్న. గప్పుడు ఇచ్చింది మీ బాపు. నేనియ్యలే. ఇన్నేండ్లు నా లోపల పట్టుకోనే ఉన్న. ఇయ్యాల నేనిచ్చిన."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను. చెరకు బండ్లు వరసగా పోతున్నాయి.

ఇచ్చేసింది కదా, ఇక పాడుతుందని ప్రతి ఆదివారం ఎదురుచూశాను. పాడలేదు. పెదవులు మాత్రం బిగించేది కాదు. కొంచెం తెరిచి, ఊపిరి పట్టి వినేది. అలాగే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆమె మా అన్న పక్కన కూర్చుని పాడుతున్నదని నమ్ముతాను. ఆ నమ్మకం సన్నగిల్లే సాయంత్రాలూ నాకున్నాయి. ఇది చదివే మీరు ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి: తండ్రీ, ఆ గిటార్ ఈవేళ ఎవరి ఒడిలో ఉందో వాళ్లను దీవించు. తిరిగి చేతికి వచ్చినదాన్ని మళ్లీ నీకే ఇచ్చిన తల్లిని జ్ఞాపకం చేసుకో. ఆమె పాట నాకు మళ్లీ వినబడే దినందాకా నన్ను నిలబెట్టు. ఆమేన్.