మూడో అంతస్తులో పసుపు టేపు

మా ఎదురు ఫ్లాట్ ఆంటీ మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. నేను డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు వేసుకుంటుంటే అంకుల్ తలుపు కొట్టారు. "నాన్నా, మీ ఆంటీ లేవట్లేదు. ఓసారొచ్చి పిలుస్తావా? నీ గొంతు వింటే తిట్టడానికైనా లేస్తుంది" అన్నారు. వెళ్ళి పిలిచాను. నాలుగేళ్ళలో ఆవిడ నా మాటకి ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి.

గుండె అన్నారు డాక్టర్లు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఫోన్ తీసి, ఇక్కడి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు తెరిచి, ఒక్క అక్షరం కూడా కొట్టకుండా మూసేశాను. "అంకుల్, అందరికీ చెప్పమంటారా?" అని అడిగాను.

"ఇవాళొద్దురా. ఇవాళ్టికి నన్నొక్కణ్ణీ ఉండనీ. రేపు నేనే చెబుతాను" అన్నారు.

ఆ చిన్న ప్రశ్న అడగడం నాకు పుట్టుకతో రాలేదు. ఆంటీ నేర్పారు. ఎలా నేర్పారో చెబితే ఆవిడ గురించి చెప్పినట్టే. ఇందులో మా వదిన ఉంది కాబట్టి తనని అడిగే రాస్తున్నాను. చదివి, రెండు వాక్యాలు కొట్టేసింది. తీర్పుని శిరసావహించాను.

మేం ఉండేది మస్కట్‌లో, అల్ హైల్ అనే పేటలో, మూడో అంతస్తులో. అన్నయ్య, వదిన, నేను. విశాఖలో లా చదివి, సీబ్‌లో ఒక కంపెనీలో లీగల్ అసిస్టెంటుగా చేస్తున్నాను. అంటే కాగితాల మీద ముద్రలు వేయించుకొచ్చే ఉన్నత పదవి. ఆ సంగతి పూర్తిగా తెలిసి కూడా ఆంటీ నన్ను "లాయరు గారూ" అనే పిలిచేవారు.

లిఫ్టులో ఎదురైతే "ఎక్కడికి?" అని అడగని తెలుగు మనిషిని నేను ఆవిణ్ణొక్కర్నే చూశాను. కారణం అడిగితే, "చెప్పాలనుంటే నువ్వే చెబుతావు. నేనడిగితే అబద్ధం వెతుక్కోవాలి. పొద్దున్నే నీకెందుకా శ్రమ?" అన్నారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. వాదించేటప్పుడు మాత్రం వెల్లుల్లి ఒలిచేవారు. ఎన్ని రెబ్బలు ఒలిస్తే నేనంత ఓడిపోయినట్టు.

అంకుల్ ఇక్కడ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరకముందు వాళ్ళు ఇంగ్లండులో ఉండేవారు. ఆంటీ అక్కడ ఆడవాళ్ళ క్లినిక్కులో రిసెప్షన్లో కూర్చునేవారు. గర్భం తీయించుకోవడానికి కూడా వచ్చే క్లినిక్కు. గేటు బయట ఫొటోలూ అట్టలూ పట్టుకుని, జపమాలలు తిప్పుతూ, అది పాపమనేవాళ్ళు కొందరు నిలబడేవారట. వీళ్ళు మస్కట్ వచ్చేశాక అక్కడ చట్టం వచ్చింది. అలాంటి క్లినిక్కులకి నూట యాభై మీటర్ల దాకా, లోపలికొచ్చే మనిషిని ఆపకూడదు, బాధపెట్టకూడదు, మనసు మార్చాలని చూడకూడదు. ఆ వార్త చూసిన రోజు ఆంటీ సున్నుండలు చేసి పట్టుకొచ్చారు.

"ఆంటీ, సున్నుండ బావుంది. చట్టం బాలేదు" అన్నాను.

"రెండోది తిన్నాక చెప్పు."

రెండోది తిన్నాక చెప్పాను. రోడ్డు అందరిదీ. వాళ్ళు కొట్టలేదు, తిట్టలేదు. నచ్చని మాట వినపడకూడదంటే ఇంక స్వేచ్ఛ ఎందుకు? ఒక పెద్దావిడ ఓ మూల నిలబడి మనసులో దణ్ణం పెట్టుకుంటే, పోలీసొచ్చి 'ఏమాలోచిస్తున్నారు' అని అడగడం ఏం న్యాయం?

ఆంటీ వెల్లుల్లి పక్కన పెట్టారు. "అది మాత్రం కష్టమైన ప్రశ్నే లాయరు గారూ. అలాంటి ఆవిడ నాకు తెలుసు. వానలో కూడా వచ్చేది. టీ ఇచ్చేదాన్ని. మంచి మనిషి. కానీ ఆవిణ్ణి చూసి వెనక్కి తిరిగి కారెక్కేసిన పిల్లలు కూడా నాకు తెలుసు. అందులో ఒకమ్మాయి ఏళ్ళ తరబడి బిడ్డ కోసం చూసి, కడుపులోది బతకదని తెలిసి వచ్చింది. ఎవరు ఎందుకొచ్చారో ఆ పెద్దావిడకి ఏం తెలుసు? ఆవిడ నమ్మకం ఆవిడది. ఆ గేటు మాత్రం ఆవిడది కాదు."

నేను ఒప్పుకోలేదు. మర్నాడు సాయంత్రం నన్ను కింద పార్కింగులోకి పిలిచారు. చేతిలో ఒక ఫైలు పెట్టారు. "ఇందులో ఎవరికీ చెప్పుకోలేని జబ్బు తాలూకు రిపోర్టు ఉందనుకో. ఆ కారు దగ్గర్నుంచి గుమ్మం దాకా నడు."

ఆంటీ గుమ్మానికి ఒక పక్క, అంకుల్ ఒక పక్క నిలబడ్డారు. అంకుల్ తన పాత్రలో జీవించేస్తూ, "బాబూ, ఒక్క మాట. నీ మంచికే" అన్నారు. ఆంటీ మాత్రం జాలిగా చూశారంతే. నవ్వుకుంటూ బయల్దేరాను. సగం దూరంలో నవ్వు ఆగింది. ఇంకెవరో కారు దిగి వాళ్ళు కూడా నా వైపు చూశారు. నా చెయ్యి దానంతటదే ఫైలుని గుండెకి అదుముకుంది.

"లాయరు గారూ, ఫైలు తెరవండి" అన్నారు ఆంటీ.

తెరిచాను. లోపల ఏమీ లేదు.

"ఖాళీ ఫైలు దాచుకున్నావు" అన్నారు. అప్పీలుకి వెళ్తానని చెప్పి మెట్లెక్కేశాను.

ఆ తర్వాత రెండు నెలలకి, ఐదో నెలలో వదినకి ఉమ్మనీరు పోయింది. జ్వరం మొదలైంది. ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకుతోందనీ, బిడ్డని తీసెయ్యకపోతే తల్లి దక్కదనీ డాక్టర్లు చెప్పారు. ఇక్కడి చట్టం వేరు. తల్లి ప్రాణం మీదకొస్తే తప్ప ఒప్పుకోరు. వచ్చింది. ఒప్పుకున్నారు. వదిన తన చేత్తోనే సంతకం పెట్టింది.

నేను కారిడార్లో కూర్చుని ఉన్నాను. నా దగ్గర జోకుల్లేవు. ఏం చెయ్యాలో తెలీక ఫోన్ తీసి, గ్రూపులో ఉన్నదంతా రాసేశాను. 'బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, అందరూ ప్రార్థించండి' అని కూడా రాశాను. ఏదో అద్భుతం జరుగుతుందనుకున్నాను.

ఒమాన్‌లో రోడ్డు మీద నిలబడి నినాదాలివ్వడం కుదరదు. మనవాళ్ళకి ఆ అవసరం కూడా లేదు. కూర కారియర్లు పట్టుకుని ఇంటికే వస్తారు. మూడో రోజు వదినని తీసుకొచ్చేసరికి లిఫ్టు నుంచి మా గుమ్మం దాకా రెండు వైపులా జనం. అందరూ మంచివాళ్ళే. "ఇండియా తీసుకెళ్ళాల్సింది." "ఇంకో డాక్టర్ని అడగాల్సింది." "మా మరదలికీ ఇలాగే అన్నారు, ఆ పిల్లాడు ఇప్పుడు మూడో క్లాసు." వదిన అన్నయ్య చెయ్యి పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తోంది. పై అంతస్తు అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని, వదిన భుజం నిమిరి, "గుండె కొట్టుకుంటూనే ఉందట కదమ్మా... ఇంకో రెండ్రోజులు ఆగాల్సిందేమో" అంది.

వదిన ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూసింది.

అప్పుడు ఎదురు తలుపు తెరుచుకుంది. ఆంటీ వచ్చి వదిన చెయ్యి పట్టుకుని తమ ఇంట్లోకి తీసుకెళ్ళి, పడుకోబెట్టి, మళ్ళీ బయటికొచ్చారు. ఈసారి చేతిలో అంకుల్ సైట్లో వాడే పసుపు టేపు చుట్ట. మోకాళ్ళు నొప్పులని రోజూ మూలిగే మనిషి నేల మీద కూర్చుని, మా రెండు గుమ్మాలకీ ముందు, లిఫ్టు వైపు, కారిడార్‌కి అడ్డంగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేలకి అతికించారు. లేచి, గుమ్మం లోపలున్న స్టూలు లాగి టేపు పక్కన పెట్టి నిలబడ్డారు.

"లిఫ్టు నుంచి ఇక్కడిదాకా మీ ఇష్టం. ఇది దాటాలంటే ఆ పిల్ల పిలవాలి."

"మేమేమన్నామండీ? మంచికే కదా" అన్నారెవరో.

"మంచికేనమ్మా. కారియర్ ఈ స్టూలు మీద పెట్టండి. మంచి ఎక్కడికీ పోదు. నేను వేడి చేసి పెడతాను."

మొహాలు మాడ్చుకుని వెళ్ళారు. గ్రూపులో రెండ్రోజులు ఆంటీ మీద తీర్మానాలు నడిచాయి. ఆవిడ చదవలేదు. నన్ను మాత్రం వంటింట్లోకి పిలిచారు.

"ప్రార్థించమన్నావుగా. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేస్తారు. దేవుడికి మన ఫ్లాట్ నంబరు తెలుసు."

"తప్పయిపోయింది ఆంటీ."

"నాతో కాదు, దానితో చెప్పు. అదీ అది వింటానన్నప్పుడు. అందాకా కారియర్లు కడుగు."

కడిగాను. తొమ్మిది రోజులు కడిగాను. పై అంతస్తు అక్క రోజూ సాయంత్రం పప్పుచారు తెచ్చి, స్టూలు మీద పెట్టి, ముందురోజు గిన్నె తీసుకుని వెళ్ళిపోయేది. తొమ్మిదో రోజు వదిన తనే తలుపు తీసుకుని వచ్చి టేపుకి గుమ్మాల వైపు నిలబడింది. "అక్కా, లోపలికి రా" అంది. ఆ అక్క, గుమ్మం ఇంకా దూరంగా ఉన్నా అక్కడే చెప్పులు విడిచి, టేపు దాటింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఆ రాత్రి వదిన నాతో, "నువ్వూ చెప్పాలనుకున్నది చెప్పు" అంది. చెప్పాను. చాలాసేపు పట్టింది.

తర్వాత టేపు పీకబోతే ఆంటీ ఆపారు. "ఉండనీ. నీ అప్పీలు ఏమైంది?"

"వెనక్కి తీసుకున్నానండి. ఆ మనసులో దణ్ణం సంగతి తప్ప."

"దాని మీద నాకూ తెలీదు" అని సాసర్లో టీ పోశారు.

బుధవారం పొద్దున్న అంకుల్ గ్రూపులో తనే రాశారు. ఒకటే వాక్యం. నేను ఆవిణ్ణి వాళ్ళ సొంతూరు కాకినాడ పంపించే కాగితాల పని మీద తిరిగి, సాయంత్రం ఇంటికొచ్చాను. లిఫ్టు తలుపు తెరుచుకుంది. కారిడార్ నిండా జనం. స్టూలు మీద పట్టక కారియర్లు గోడ వారగా నేల మీద పెట్టి ఉన్నాయి. ఎలా జరిగిందనిగానీ, ముందే చూపించాల్సిందనిగానీ ఎవరూ అనడం లేదు. అందరూ టేపు దాటకుండా లిఫ్టు వైపే నిలబడి ఉన్నారు.

మా గుమ్మం టేపు దాటాకే ఉంది. నేను దాటొచ్చు. కానీ నా కాళ్ళు కూడా వాళ్ళతోపాటే ఆగిపోయాయి. అంకుల్ తలుపు కింద సన్నగా లైటు కనిపిస్తోంది. టేపు ఒక చివర గోడ దగ్గర కాస్త పైకి లేచి ఉంది. పై అంతస్తు అక్క వంగి, దాన్ని బొటనవేలితో నేలకి అదిమి, కాసేపు అలాగే పట్టుకుంది.