ఒక్క వాచకం చుట్టూ ఒక తరగతి

1948 మార్చి. అప్పుడు నేను నందిగామ రేంజికి స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌ని. రేంజి అంటే నా అధికారం చెల్లే మేర. ఒకపక్క కృష్ణ ఒడ్డున చెవిటికల్లు, ఇంకోపక్క జగ్గయ్యపేట దాటి గరికపాడు, అంటే నైజాము సరిహద్దు. ఈ మధ్యలో ఉన్న ప్రాథమిక పాఠశాలలన్నీ నావి, వాటి మధ్య దుమ్ములో నడిచే సైకిలు కూడా నాదే. బి.ఏ., ఆపైన ఎల్.టి. అనే మేస్టర్ల ట్రైనింగు చదివినవాడికి ఇంతకంటే ఏం కావాలని మా మామగారు అనేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

మా ఉద్యోగంలో ముఖ్యమైన పని ఎయిడెడ్ స్కూళ్ల తనిఖీ. ఎయిడెడ్ స్కూలంటే ప్రైవేటు బడి. చాలాచోట్ల మేస్టారే మేనేజరు కూడా. పాక ఆయనదే, చాప ఆయనదే, బెత్తం ఆయనదే. హాజరూ చదువూ సరిగ్గా ఉన్నాయని మేం రాస్తే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. లేవని రాస్తే రికగ్నిషన్, అంటే గుర్తింపు, పోతుంది. దానితో బడీ పోతుంది. ఇలాంటి ఏర్పాటులో ఒకళ్లనొకళ్లు అనుమానించుకోక తప్పదు. మేం మేస్టర్లను, మేస్టర్లు మమ్మల్ని, మా ఇద్దరినీ కలిపి మా పై అధికారి. నాకు అనుమానం పుట్టుకతోనే ఉంది కాబట్టి, జీతం ఊరికే పుచ్చుకుంటున్నానేమోనని అప్పుడప్పుడూ బెంగగా ఉండేది.

మా ప్యూను మస్తాను నాకంటే చాలా సీనియరు. తనిఖీ రోజున పక్క ఊరి బడినుంచి పిల్లల్ని అరువు తెచ్చే మేస్టర్లను, ముందు వరసలో బంధువుల పిల్లల్ని కూర్చోబెట్టే మేస్టర్లను అతను మొహం చూసి పట్టేవాడు. పట్టాక ఏమీ అనేవాడు కాదు. ఒక్కసారి దగ్గేవాడు. నేను రిపోర్టుకు సగం సరుకు ఆ దగ్గులోంచే తీసేవాణ్ణి.

ఆ నెలలో మా పై అధికారి నన్ను పిలిపించారు. జగ్గయ్యపేటకు పడమరగా, రోడ్డు దిగి లోపలికి వెళ్లాల్సిన ఒక చిన్న ఊళ్లో దేవదానం అనే మేస్టారి ఎయిడెడ్ స్కూలు ఉంది. జనవరిలో మొదలైన టరములో ఆ బడి హాజరు ఉన్నట్టుండి రెట్టింపయింది.

"ఒక్క టరములో పిల్లలు రెట్టింపవడం నేనెక్కడా చూడలేదయ్యా. సగం దొంగ పేర్లయి ఉంటాయి. చూసి, రికగ్నిషన్ తీసేయాలంటే తీసేయమని రాసెయ్. మొహమాటపడకు" అన్నారు ఆయన.

మొహమాటపడతానని ఆయన ఎందుకు అనుమానించారో నాకు తెలియదు.

సర్‌ప్రైజ్ విజిట్ అంటే ముందుగా చెప్పకుండా వెళ్లడం. నేనెవరికీ చెప్పలేదు. మస్తాను కూడా ఎవరికీ చెప్పలేదని ఒట్టు వేశాడు. మేం వెళ్లేసరికి పాక ముందు కళ్లాపి చల్లి ఉంది, గుమ్మానికి మామిడాకులున్నాయి, మేస్టారు ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నారు.

"ఇట్టా చెప్పకుండా వచ్చారేంటండి" అన్నారు దేవదానం మేస్టారు.

నలభై దాటిన మనిషి, బక్కపలచగా ఉన్నారు. గోడకు ఆనించిన బ్లాక్‌బోర్డు మాత్రం నిగనిగలాడుతోంది. దాని వెనక్కి తొంగిచూస్తే పక్క ఊరి జిల్లా బోర్డు స్కూలు పేరు తెల్లరంగుతో రాసి ఉంది.

"బోర్డు అరువు తెచ్చారా?"

"మాది వానల్లో చెదలు తినేసిందండి. నిన్న తెచ్చా. మీరొస్తారని కాదండి, ఊరికే."

మస్తాను దగ్గాడు.

బోర్డు అరువైతే పిల్లలూ అరువే అయి ఉండాలి కదా. దీనికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. ఆ బళ్లో రోజూ కూర్చునే పిల్లలకు తప్ప తెలియని ప్రశ్న ఏదో ఒకటి అడగాలి. గుమ్మం బయట ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. దాని పేరేమిటని అడిగాను.

"కలెక్టరు" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

మేస్టారు నేల చూపులు చూశారు. "పిల్లలు పెట్టుకున్న పేరండి. నాకేం సంబంధం లేదు."

ఇన్‌స్పెక్టరు అని పెట్టనందుకు లోపల సంతోషించి, పిల్లలు నిజమైనవాళ్లేనని రాసుకున్నాను. ఈ కొత్తవాళ్లంతా ఎక్కడివాళ్లని అడిగితే మేస్టారు చెప్పారు. సరిహద్దు అవతల గొడవలకు భయపడి మూటాముల్లే సర్దుకుని వచ్చిన కుటుంబాలు ఊరి బయట పాకలు వేసుకున్నాయి. ఆ పిల్లలు అంతకుముందు ఏ బడీ చూడలేదు. అందుకని ఏ వయసువాళ్లనైనా ఒకటో తరగతిలోనే వేశారట.

దొంగ పేర్ల అనుమానం తీరింది. కానీ అధికారి పంపిన మనిషి ఒక అనుమానం తీరగానే ఇంటికి పోకూడదు. రెండోది వెతుక్కోవాలి.

ఒకటో తరగతిలో మొదటి టరముకి అక్షరాలు, రెండో టరముకి గుణింతాలు, మూడో టరముకి చిన్న చిన్న వాక్యాలు చదవడం రావాలి. జనవరిలో చేరిన పిల్లలకు ఈ మూడూ ఒక్క టరములో ఎక్కడ వస్తాయి? చదివించమన్నాను. ఒకటో తరగతి మొత్తం చాప మీద గుండ్రంగా కూర్చుంది. మధ్యలో ఒకే ఒక్క వాచకం. కాగితానికి కంట్రోలు, అంటే రేషను, ఉన్న రోజులు. బెజవాడ కొట్టుకి ఎన్నిసార్లు తిరిగినా మేస్టారికి దొరికింది ఆ ఒక్క కాపీయేనట. మేస్టారు పుల్లతో వాక్యం చూపిస్తే పిల్లలు గడగడా చదివేశారు. తడబాటు లేదు. నేను విన్న ఒకటో తరగతుల్లో అంత బాగా చదివింది ఇంకోటి లేదు. అదే నాకు నచ్చలేదు.

ఏడేళ్ల ఆడపిల్ల ఒకతి అందరికంటే గట్టిగా చదువుతోంది. పేరు యాదమ్మ, సరిహద్దు అవతలినుంచి వచ్చిన పిల్ల. ఆమెను లేపి పుస్తకం చేతికిచ్చి, చదువమ్మా అన్నాను. యాదమ్మ పుస్తకాన్ని ఒకసారి చూసింది. తలకిందులుగా తిప్పింది. తిప్పి, గడగడా చదివేసింది.

మస్తాను దగ్గాడు. ఈసారి దగ్గు పొడుగ్గా వచ్చింది.

తనిఖీ విద్యలో ఇది మొదటి పాఠం. పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదివే పిల్ల చదవడం లేదు, బట్టీ అప్పగిస్తోంది. ఎల్.టి.లో మాకు ఇది నేర్పలేదు గానీ, అందరికీ తెలుసు. ఇంకో కుర్రాడిని పిలిచాను. వాడూ తలకిందులే. ఇంకొకడు పుస్తకాన్ని పక్కకు తిప్పి నిలువుగా పట్టుకుని చదివాడు. సరిగ్గా పట్టుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో.

అయినా ఒక సాక్ష్యంతో తృప్తిపడే అలవాటు లేక, బోర్డు మీద 'మేక పాలు ఇచ్చింది' అని రాసి చదవమన్నాను. ఆ ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ నోరు విప్పలేదు. యాదమ్మ మెడ పక్కకి వాల్చి, బోర్డుకేసి నన్ను చూసినట్టే అనుమానంగా చూసింది.

"మేస్టారూ, దీనికేమంటారు?"

దేవదానం మేస్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు. "అనడానికేముందండి. నాకూ నిన్నట్నుంచీ అనుమానంగానే ఉంది. పుస్తకం ముందు కూర్చుంటే ఆగకుండా చదువుతారు. నిన్న ఈ బోర్డు మీద రాస్తే ఇద్దరు ముగ్గురు తప్ప ఒక్కళ్లూ పలకలా. నేను బట్టీ పట్టించలేదండి, ప్రమాణం చేస్తా. వాళ్లే పట్టేసి నన్ను మోసం చేస్తన్నారేమో తెలీటంలా."

"రికగ్నిషన్ సంగతి మీకు తెలుసు కదా."

"తెలుసండి. బడి పోతే నేను కౌలుకి చేసుకుని బతుకుతా. ఈ వచ్చిన పిల్లల్ని మాత్రం ఇంకెవరూ చేర్చుకోరు. టీసీ లేదంటారు. కట్టుబట్టల్తో పారిపోయి వచ్చినోళ్లు టీసీ ఎక్కణ్ణుంచి తెస్తారండి?"

టీసీ అంటే పాత బడి ఇచ్చే బదిలీ పత్రం. పాత బడే లేనివాళ్లకు దాన్నిచ్చే ఏర్పాటు మా శాఖలో లేదు.

లాగ్‌బుక్, అంటే ఇన్‌స్పెక్టరు తన అభిప్రాయం రాసే పుస్తకం, నా ముందుకు వచ్చింది. కలం మూత తీశాను. బడి మూసేయడానికి రెండు వాక్యాలు చాలు. అవి మనసులో తయారుగానే ఉన్నాయి. కానీ మా పై అధికారి నా రిపోర్టును కూడా అనుమానిస్తారు. బట్టీ అని ఎలా తేల్చావని అడిగితే తిరుగులేని రుజువు ఉండాలి. వాచకం చివరికి తిప్పాను. చౌకరకం అచ్చు. ఆఖరి పాఠాల కాగితాలు అంచు కోయకుండా అతుక్కునే ఉన్నాయి. అంటే ఆ పేజీలు ఎవరూ, మేస్టారు కూడా, చూడలేదు. బట్టీ పట్టే వీలే లేదు. మస్తాను చాకుతో అంచు కోసి ఇచ్చాడు. యాదమ్మను మళ్లీ పిలిచాను.

ఆమె పుస్తకం తీసుకుంది. తలకిందులు చేసింది. ఈసారి గడగడా రాలేదు. ఒక్కో మాట దగ్గరా ఆగుతూ చదివింది.

"ఉడుత... గింజ దాచింది. ఎక్కడ దాచిందో... మరిచింది."

నేను పుస్తకం తీసుకుని చూశాను. ఉడుత గింజ దాచింది. ఎక్కడ దాచిందో మరిచింది. మస్తాను దగ్గలేదు.

పుస్తకాన్ని సరిగ్గా తిప్పి ఆమె చేతిలో పెట్టాను. "ఇప్పుడు చదువు."

"గిట్ల సదువరాదు సారూ."

"ఎందుకని?"

"నేను గా దిక్కు కూసుంట గద. సారు గీడ కూసుంటడు, నేను సారుకి ఎదురుంగ. నాకు రోజూ గట్లనే అవుపడ్తది."

ఏ మాత్రం తెలివిలేని మనిషికి చెబుతున్నట్టు, నెమ్మదిగా, చేయి చూపించి మరీ చెప్పింది.

దేవదానం మేస్టారు చాప మీద తన చోట చతికిలబడి, ఎదురుగా ఉన్న చోటును చూశారు. "నేను అక్షరాలు రాసేదీ ఇక్కడే కూర్చునండి. బోర్డు లేదుగా, మధ్యలో ఇసక పోసి వేలితో రాసేవాణ్ణి. చుట్టూ కూర్చుని చూసేవాళ్లు."

"పలక మీద రాయించలేదా?"

"పలకలు కూడా అందరికీ లేవండి. రాసేటప్పుడు కొందరు తిరగేసి రాస్తే, రెండు తగిలించి సరిచేసా. అదీ దీన్నుంచే వచ్చుంటది." పిల్లలకేసి చూసి, "ఎందుకు కొడతన్నానో వాళ్లకి అర్థమయ్యుండదు" అన్నారు.

నాకు ఇంకా పూర్తి నమ్మకం కుదరలేదు. మస్తానూ నేనూ కలిసి బోర్డు దించి చాప మధ్యలో నేల మీద పడుకోబెట్టాం. పిల్లల్ని రోజూ కూర్చునే చోట్లలో కూర్చోమన్నాను. మేక వాక్యం చెరిపి, అప్పటికప్పుడు ఇంకోటి రాశాను: 'ఇన్‌స్పెక్టరు గారికి ఆకలిగా ఉంది.' ఇన్‌స్పెక్టరు అన్న మాట దగ్గర కొంత తొక్కిసలాట జరిగింది గానీ, తక్కినది నాలుగు దిక్కులనుంచీ చదివేశారు. చదివాక నా పొట్టకేసి చూశారు.

"భోజనం సిద్ధంగానే ఉందండి" అన్నారు మేస్టారు.

"సర్‌ప్రైజ్ విజిట్‌కి వచ్చానండి" అన్నాను. అయినా తిన్నాను.

దారిలో మస్తాను సైకిలు నడిపిస్తూ, "ఇది రాస్తే ఎవరన్నా నమ్ముతారా అయ్యగారూ?" అన్నాడు.

"నువ్వు నమ్మావా?"

"నేను చూసా కదండి. చూడకపోతే నేనూ నమ్మను."

ఉన్నది ఉన్నట్టు రాశాను. ఒకటో తరగతి చదువు తృప్తికరం, కొందరు తలకిందులుగానూ కొందరు పక్కవాటుగానూ చదువుతున్నారు, వాచకం ఒక్కటే కావడం కారణం, రికగ్నిషన్ కొనసాగించవచ్చు. దానికి జవాబుగా మెమో వచ్చింది. ఆ ఊళ్లో నేను భోజనం చేశానా, చేస్తే ఏం తిన్నానో తెలపమని అడిగారు. అనుమానం ఇప్పుడు నా మీదికి వచ్చింది. కోడికూర అని రాయలేక, తమరే స్వయంగా చూడవలసిందని రాశాను.

ఏప్రిల్‌లో ఆయన వచ్చారు. ఈలోగా దేవదానం మేస్టారు ఒక పని చేశారు. రోజుకొక్క జాగా చొప్పున పిల్లల్ని చుట్టూ జరుపుతూ వచ్చారు. ఇవాళ ఎదురుగా కూర్చున్న పిల్ల కొన్నాళ్లకు ఆయన పక్కన ఉంటుంది. నాకేమో కొత్త భయం పట్టుకుంది. ఇప్పుడు అందరూ సరిగ్గానే చదివేస్తే, నేను రాసినదంతా కట్టుకథ కాదా?

మా అధికారి కుర్చీలో కూర్చుని యాదమ్మనే పిలిచారు. పుస్తకం తలకిందులుగా ఇచ్చారు. చదివింది. సరిగ్గా తిప్పారు. చదివింది. పక్కకు తిప్పారు. అదీ చదివింది. పేజీ మార్చి మళ్లీ తిప్పబోతుంటే ఆ పిల్ల ఆయన్ను జాలిగా చూసింది.

"ఎన్నిమాట్లు తిప్పుతవ్ సారూ? నీకు సదువు రాదా?"

మేస్టారు కళ్లు మూసుకున్నారు. మా అధికారి కొంతసేపు యాదమ్మను, కొంతసేపు నన్ను చూసి, "వచ్చమ్మా. ఒకవైపునుంచే వచ్చు" అన్నారు. అక్కడే రికగ్నిషన్ కొనసాగింపు మీద సంతకం పెట్టారు. టీసీ లేని పిల్లల పేర్లు ఉంచవచ్చని పక్కన రాశారు. పుస్తకాల విషయం పరిశీలిస్తామన్నారు. నేను ఆ రేంజి వదిలి వెళ్లేనాటికి కూడా దాన్ని పరిశీలిస్తూనే ఉన్నారు.

ఈ కేసు నాకు అనుమానం మానమని నేర్పిందనుకుంటే పొరపాటు. మానేస్తే ఉద్యోగం ఎలా? ఆరోజు కోయని పేజీ దాకా వెళ్లింది దయ వల్ల కాదు, నా రుజువు మీద నాకే నమ్మకం చాలక. అనుమానించేవాడు సగంలో ఆగకూడదని మాత్రం తెలిసింది. ఆ తర్వాత ఏ బడికి వెళ్లినా కుర్చీ వద్దని, పిల్లల మధ్య ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ చాప మీద కూర్చునేవాణ్ణి. మేస్టర్లు అది నా నిరాడంబరత అనుకుని నలుగురికీ చెప్పేవారు. అక్కణ్ణుంచి పాఠం ఎలా కనిపిస్తోందో చూడడానికి కూర్చున్నానని నేనెవరికీ చెప్పలేదు.