“బూజు పట్టదు”, “కడగొచ్చు”

శనివారం పొద్దున ఆరున్నరకి రేపల్లెలో బాపట్ల బస్సు ఎక్కాను. ఎక్కేటప్పటికే నాకు ఒళ్లు మండుతోంది. బాపట్లలో ఒక కాలేజీ ప్రయోగశాల, అక్కడినుంచి తెనాలిలో ఒక రంగుల కొట్టు, సాయంత్రం రైల్లో తిరిగి రేపల్లె. ఇదీ నా ప్రయాణం.

దీనికంతటికీ కారణం మా వీధి రీడింగ్ రూమ్. నేను మోటార్లకు వైండింగ్ చేసుకునేవాణ్ణి. పదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఆ గదిలోని ఆరు బీరువాల నుంచే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు, గర్వమే. నిరుడు వేసవిలో గదికి కొత్త రంగు వేయించాం. డబ్బా మీద రెండు మాటలు పెద్ద అక్షరాలతో ఉన్నాయి: “బూజు పట్టదు”, “కడగొచ్చు”. మొదటి వానాకాలంలో ఒక్క మచ్చ రాలేదు. ఈ వానలకు మాత్రం గోడలు నల్లబడ్డాయి. నలుపు గోడల నుంచి బీరువాలకు, బీరువాల నుంచి అట్టలకు పాకింది. రెండు బీరువాల పుస్తకాలు ముద్దలైపోయాయి.

“రంగుకేం తప్పు లేదండి, మీ గోడే చెమ్మ గోడ” అన్నాడు మాకది అమ్మిన తెనాలి కొట్టాయన ఫోన్లో. మా కమిటీ నమ్మేసింది. గోడే పాడైతే గది మూసేద్దామని, మిగిలిన నాలుగు బీరువాలూ ఆదివారం పాతకాగితాల బండికి వేసేద్దామని తీర్మానించారు. అంటే నాకు మిగిలింది ఈ శనివారం ఒక్కటే.

నెల కిందటే నేనో పని చేసి ఉంచాను. గదిలోని ఒక పుస్తకంలో చదివిన పద్ధతి అది. బంగాళదుంప రసంతో చేసిన జెల్లీ మీద రంగు వేసిన ముక్కను పెట్టి, బూజు బీజాలు చల్లి, వెచ్చగా చెమ్మగా నాలుగు వారాలు ఉంచాలి. బూజు ముక్క మీదికి ఎక్కితే రంగు ఓడిపోయినట్టు. బాపట్లలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే కరుణ మేడంని వెతికి పట్టుకుని, డబ్బా అడుగున మిగిలిన రంగు ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఒక మాట అడిగాను: సగం ముక్కలు సబ్బునీళ్లతో కడిగి పరీక్షించమని. ఎందుకంటే మా గదిని ఏటా రెండుసార్లు కడుగుతాం. క్రిస్మస్‌కి ముందు దాసు బాబాయి వాళ్లు, రంజాన్‌కి ముందు ముస్లిం కుటుంబాలవాళ్లు, పైనుంచి కిందిదాకా. ఎవరు తెల్లగా కడిగారన్న పోటీ కూడా ఉంటుంది.

చెరుకుపల్లి, కర్లపాలెం దాటి తొమ్మిది కాకముందే బాపట్లలో దిగాను. బస్టాండు పక్కన ఇడ్లీ తిని కాలేజీకి నడిచాను. ఎండ లేదు, మబ్బుగా ఉంది. నాలాగ వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి వెళ్లడం మంచిది. గేటు దగ్గర మేడం పేరు చెబితేగాని లోపలికి వదలరు.

మేడం రెండు మూత పళ్లాలు బల్ల మీద పెట్టారు. ఒకదానిలో రంగు ముక్క తెల్లగా ఉంది. బూజు దాని చుట్టూ వచ్చి ఆగిపోయింది. రెండోదానిలో ముక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అంతా నలుపే.

“ఇది కడిగిందండి. రంగులో కలిపిన మందు నీళ్లతో పోయింది” అన్నారు.

“అంటే గోడ తప్పు కాదు కదా మేడం?”

“అది నేను చెప్పలేనండి. మీ గోడ నేను చూళ్లేదు. కడిగితే ఈ రంగు బూజుని ఆపలేదు, అంతే చెప్పగలను.”

మొదటి ఏడాది అదే గోడ, అవే వానలు, మచ్చ లేదు. కడిగాకే వచ్చింది. మిగతాది నేను చెప్పుకోగలను.

పళ్లాలకు చుట్టూ టేపు వేసి రెండు కవర్లలో పెట్టి ఇచ్చారు. “మూత తీయొద్దు. పనయ్యాక నాకే తెచ్చివ్వండి, చంపి పారెయ్యాలి” అన్నారు.

మధ్యాహ్నం పాసింజరులో తెనాలి బయల్దేరాను. ఒళ్లో కవరు చూసి ఎదురు సీటులో చేపల బుట్టతో ఉన్న ఆవిడ అడిగింది: “ఏంటన్నయ్యా అది, జున్నా?”

“బూజమ్మా.”

“బూజుని ఊరేగిస్తున్నావా? మా ఇంటికి రా, ఊరికే ఇస్తా.”

పెట్టెంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తెనాలిలో స్టేషను దగ్గరే భోజనం చేసి, మూడింటికి కొట్టుకి వెళ్లాను. అదే రంగు కొనడానికి ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పళ్లాలు కౌంటర్ మీద పెట్టి సంగతి చెప్పాను. కొట్టాయన తొణకలేదు. సొరుగులోంచి కంపెనీ ఇచ్చిన రెండు పరీక్ష కాగితాలు తీశాడు. బూజు పరీక్షలో పాస్. కడుగుడు పరీక్షలో పాస్.

“కడిగిన ముక్క మీద బూజు పరీక్ష చేశారా?”

“అది వేరే ముక్కండి, ఇది వేరే ముక్క. కడగొచ్చు అంటే, కడిగినా రంగు ఊడదనే అర్థం.”

“మా గోడ ఒక్కటేనండీ!” నా గొంతు రోడ్డు మీదికి వినిపించి ఉంటుంది. “బూజుకో గోడ, నీళ్లకో గోడ కట్టుకోమంటారా?”

“అరవకండి సార్. మీరు కడక్కుండా ఉండాల్సింది.”

పెద్దావిడ నల్ల పళ్లేన్ని వంగి చూసింది. “మా మనవరాలికి ఆయాసం బాబూ. రోజూ తుడవొచ్చు కదా అని ఇదే కొందామనుకున్నా” అని, డబ్బా ఆయన వైపు నెట్టి వెళ్లిపోయింది.

“బేరం చెడగొట్టారు” అన్నాడాయన. అవును, చెడగొట్టాను. ఆ రోజు నాకు కాస్త చల్లగా అనిపించింది ఆ ఒక్క క్షణమే.

రేపల్లె రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. వేమూరు దాటాక కమిటీ పెద్దకి ఫోన్ చేశాను. అంతా విని, “అయితే గోడకేం పర్లేదంటావ్. సర్లే, బండిని రావద్దని చెబుతా” అన్నాడు. నాలుగు బీరువాలు నిలిచాయి.

స్టేషన్లో దాసు బాబాయి ఎదురొచ్చాడు. “ఏమన్నాడ్రా?”

“కడగొద్దంటున్నాడు బాబాయ్.”

“మరి డబ్బా మీద ఆ బొమ్మ ఎందుకేశాడు? గోడ తుడుస్తూ నవ్వుతోందే, ఆవిడ?”

రంగు కొనబోయే వాళ్లెవరైనా దీన్ని చదివితే, కొట్లో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: కడిగాక బూజు పరీక్ష చేశారా? ఆ కాగితాల్లో ఏదీ అబద్ధం కాదు. అందుకే నా కోపం ఇంకా తగ్గలేదు. రెండు నిజాలను పక్కపక్కన అంటించి రెండు బీరువాలు తినేశారు. ఈ పరీక్ష నాకు నేర్పిన పుస్తకం ఆ రెంటిలోనే ఉండేది.